లెక్కలోకి రాని రొట్టె

తంతా అనే ఊళ్లో ఇస్త్రీ దుకాణం నడిపే బదవీ ఆసుపత్రిలో తూకం యంత్రం దిగి, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, "చొక్కా బరువు తీసేసే రాశారా?" అని నర్సునడిగాడు.

"నీ చొక్కా ఏమన్నా ఇనుముతో కుట్టారా ఉస్తా? నూట నాలుగు. పద, డాక్టరుగారు పిలుస్తున్నారు," అంది ఆవిడ, కాగితం మీంచి తలెత్తకుండా. చేతిపని వాళ్లని ఆ ఊళ్లో ఉస్తా అనే పిలుస్తారు.

కిడ్నీల డాక్టరు పెద్దాయన. మాట మెత్తన, విషయం మాత్రం గట్టిది. "నీ రక్తం మీ అక్క రక్తానికి సరిపోయింది. నీ కిడ్నీలు రెండూ బాగున్నాయి. కానీ ఇంత ఒళ్లు పెట్టుకుని ఒకటి ఇచ్చేస్తే, మిగిలిన ఒక్కటీ నిన్ను ఎంతకాలం మోస్తుంది? ఒకళ్లని లేపడానికి ఇంకొకళ్లని మంచం ఎక్కించలేను. తొంభై రెండు కిలోలకి దిగి రా. ఆ రోజే ఆపరేషన్ తేదీ రాసిస్తాను."

"రాకపోతే?"

"రాకపోతే మీ అక్క మిషను మీదే ఉంటుంది. ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను."

బదవీ అక్క పేరు ఇన్సాఫ్. ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్ల తేడా. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, ఆవిడకి పదిహేను. ఆ రోజు నుంచి ఆవిడే అమ్మ. చాయ్‌లో రొట్టె ముంచి పెట్టింది, జ్వరం వస్తే వీపున మోసింది, పద్నాలుగేళ్లు రాగానే మేనమామ ఇస్త్రీ దుకాణంలో పనికి పెట్టింది. అప్పట్లో కాలితో తోసే ఇస్త్రీ పెట్టె ఉండేది. మనిషి బరువంత ఇనుము, పొడుగాటి పిడి. నోట్లో నీళ్లు పుక్కిలించి బట్ట మీద చిమ్మి, పాదంతో దాన్ని తోస్తే ఉన్ని గలాబియా, మడమల దాకా ఉండే ఆ అంగీ, కాగితంలా పరుచుకునేది. ఆ పని చేసి ఇంటికొచ్చిన పిల్లాడికి ఆకలి మామూలుగా ఉంటుందా! అక్క పెడుతూనే ఉంది, తమ్ముడు తింటూనే ఉన్నాడు. కాలి పెట్టె పోయి కరెంటు పెట్టె వచ్చింది. పెట్టడం మాత్రం తగ్గలేదు.

ఇన్సాఫ్ మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకుంటోంది. చేతిలో రక్తం తీసే దారి మూసుకుపోతే మెడ దగ్గర గొట్టం పెట్టారు. రోజుకి మూడు గ్లాసుల నీళ్లకి మించి తాగకూడదు. టమాటా వద్దు, ఖర్జూరం వద్దు, పొద్దున్నే అందరూ తినే ఫూల్ అనే చిక్కుడు గింజలు వద్దు. నోరు ఎండిపోతే ఐసుముక్క చప్పరించి, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. అలాంటి మనిషి శుక్రవారం వచ్చిందంటే చాలు, పొద్దున్నే లేచి తమ్ముడి కోసం వంట మొదలుపెడుతుంది. ఏదీ నాలుక మీద వేసుకుని చూడదు. వాసనని బట్టే ఉప్పు వేస్తుంది.

ఆసుపత్రిలోనే కింది అంతస్తులో తిండి సలహాలిచ్చే డాక్టరమ్మ ఇనాస్ ఉంటుంది. చిన్న వయసు, పెద్ద కళ్లద్దాలు, ఎన్నిసార్లడిగినా విసుక్కోని గొంతు. బదవీ ఎత్తు, బరువు, వయసు అన్నీ రాసుకుని, "రోజంతా నిలబడే ఉంటావా?" అనడిగింది.

"కూర్చుని ఇస్త్రీ చేసేవాణ్ని ఎక్కడన్నా చూశావా డాక్టరమ్మా?"

"అయితే రోజుకి రెండు వేల కేలరీలు. అంతకన్నా తక్కువ వద్దు, ఎక్కువా వద్దు. వారానికి అరకిలో తగ్గుతావు."

"అరకిలోనా! ఈ లెక్కన పన్నెండు కిలోలు ఎప్పటికి కరుగుతాయి?"

"ఆర్నెల్లకి. ఒంటి మీదకి ఎన్నేళ్లలో ఎక్కించావు ఉస్తా? దిగడానికి ఆర్నెల్లు ఇవ్వలేవా?" అని ఒక అచ్చు కాగితమూ, గళ్ల నోటుబుక్కూ చేతిలో పెట్టింది. దేనికెన్ని కేలరీలో కాగితంలో ఉంది. తిన్నదల్లా నోటుబుక్కులో రాయాలి. ప్రతి శనివారం వచ్చి తూగాలి.

బదవీ రాశాడు. దుకాణంలో ఒక చేత్తో కాలరు తిప్పుతూ రెండో చేత్తో రాశాడు. ఫూల్ ఒక గిన్నె. తెల్ల చీజు ఇంత ముక్క. ములూఖియా ఆకుకూర ఒక గరిట. చాయ్‌లో మూడు చెంచాల పంచదార వేసుకునేవాడు ఒక చెంచాకి దిగాడు. ఆ మొదటి గుక్క తాగినప్పుడు మొహం చూడాలి, కషాయం తాగినట్టు పెట్టాడు. మధ్యాహ్నం నిద్రమత్తులో నోట్లో వేసుకునే బస్బూసా మిఠాయి ముక్కలు మానేశాడు. రోజు చివర కూడితే పదిహేడు వందలు, పద్దెనిమిది వందలు. రెండు వేలు ఎప్పుడూ దాటలేదు. సగర్వంగా నోటుబుక్కు మూసి పడుకునేవాడు.

రెండు నెలలు గడిచాయి. తూకం యంత్రం నూట మూడు చూపించింది. మొదటి వారంలో చూపించిందీ అదే, ఎనిమిదో వారంలో చూపించిందీ అదే. అంకె గోడకి కొట్టిన మేకులా అక్కడే ఉండిపోయింది.

"మిషను పాడైంది," అన్నాడు బదవీ.

"నీ ముందు ఎక్కిన ఆవిడకి బాగానే చూపించిందిగా," అంది ఇనాస్. నోటుబుక్కు ముందుకీ వెనక్కీ తిప్పింది. "అబద్ధం రాశావా ఉస్తా?"

"అక్క ప్రాణం మీద ఒట్టు! ఒక్క ముక్క దాచలేదు."

ఇనాస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తరవాత మెల్లగా అడిగింది. "నిన్న పొద్దున ఫూల్ ఒక గిన్నె అని రాశావు. ఎలా తిన్నావు దాన్ని? చెంచాతోనా?"

"చెంచాతో ఫూల్ తినడానికి నేనేమన్నా రోగినా? రొట్టెతో తిన్నాను, అందరిలాగే."

"రొట్టె ఎక్కడ రాశావు?"

ఆ ప్రశ్న బదవీకి నిజంగా అర్థం కాలేదు. రొట్టెని తుంచి, పిల్లి చెవిలా మడిచి, దాంతో గిన్నెలోది ఎత్తుకుంటారు. తినేది ఫూల్. రొట్టె ఏమిటి, రొట్టె చెయ్యిలాంటిది. పొద్దున్నేం తిన్నావని ఊళ్లో ఎవరినన్నా అడగండి, ఫూల్ అంటారు, చీజు అంటారు, ఉల్లిపాయ కూడా చెప్తారు. రొట్టె అని ఒక్కడన్నా చెప్తాడేమో చూడండి. వీధిలో ముక్క పడి ఉంటే తీసి, ముద్దుపెట్టుకుని, ఎవరి కాలూ తగలకుండా గోడమీద పెట్టే జనం వీళ్లు. పళ్లెం ముందు కూర్చుని ఎన్ని తిన్నానో లెక్కపెట్టుకోవడమంటే వీళ్లకి బరకత్‌ని, తిండిలో ఉండే దేవుడి దీవెనని, చేజేతులా తరిమేయడమే.

"రొట్టెని ఎవరు లెక్కపెడతారు డాక్టరమ్మా?" అన్నాడు, కాస్త నొచ్చుకునే.

"ఇవాళ నువ్వూ నేనూ పెడదాం. పొద్దున ఎన్ని?"

"రెండు."

"పదకొండింటికి, చాయ్‌తో?"

"ఒకటి. చీజు ఉంటే ఒకటిన్నర."

"మధ్యాహ్నం?"

"ములూఖియా అయితే రెండు. రాత్రికి... ఇంకోటి."

ఇనాస్ కాగితం మీద కూడింది. ఆరున్నర రొట్టెలు. పదిహేను వందల పైన కేలరీలు. నోటుబుక్కు ఆవల, రాయని ఇంకో మనిషి తిండి అది. బదవీ ఆ కూడికని మళ్లీ వేళ్ల మీద కూడి చూశాడు. రెండు నెలలు! అక్క మెడలో గొట్టం వేలాడుతుంటే తను రెండు నెలలు గర్వంగా తప్పుడు లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఫర్వాలేదు. మూడు రొట్టెలు తిను, రెండు వేలలోనే కలుపుకుని. ఇవాళ్టి నుంచి మొదలనుకుందాం," అంది ఇనాస్.

బదవీ సరేనన్నాడు. మెట్లు దిగేలోపలే మనసులో ఇంకో లెక్క వేసుకున్నాడు. రెండు వేలకి వారానికి అరకిలో అయితే వెయ్యికి ఎంత? పోగొట్టిన రెండు నెలలూ వెనక్కి రావొద్దూ?

రొట్టె పూర్తిగా మానేశాడు. పొద్దున దోసకాయ, మధ్యాహ్నం ఉడికిన గుడ్డు, రాత్రి పెరుగు. భార్య కరీమాన్ ముక్కున వేలేసుకుంది. "రద్వా నాన్నా, ఇది తిండా, శిక్షా? పిల్లలు నీ ఎదురుగా తినడానికి భయపడుతున్నారు. నీ చూపు వాళ్ల పళ్లాల మీదే ఉంటోందట." అతనికి పలకడానికి ఓపిక ఉంటే కదా! పది రోజులకి మూడు కిలోలు దిగాడు. పదకొండో రోజు, ఎండ మాడ్చేస్తున్న వేళ, ఎవరిదో పెళ్లి గలాబియా మీద ఇస్త్రీ పెట్టె ఉండగానే కళ్లు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి నేల మీద ఉన్నాడు. గలాబియా రొమ్ము మీద గోధుమరంగు మచ్చ, మణికట్టు మీద అరచేయంత కాలిన గాయం. పక్క చాయ్ దుకాణం వాళ్లు మొహాన నీళ్లు కొడుతున్నారు. పద్నాలుగేళ్ల వయసు నుంచి ఇప్పటిదాకా అతని చేతిలో ఒక్క బట్ట కాలలేదు. గాయం కన్నా ఆ మచ్చ చూసి ఎక్కువ ఏడ్చాడు.

శనివారం కట్టు కట్టిన చేత్తో వెళ్తే ఇనాస్ మొదటిసారి గొంతు పెంచింది. "బుద్ధుందా ఉస్తా నీకు? నెత్తురు పరీక్ష చూశావా? ఈ నెత్తురుతో నిన్ను బల్ల మీద పడుకోబెట్టరు, పడుకోబెట్టినా లేవవు! మీ అక్కకి కావలసింది సన్నటి మనిషి కాదు, గట్టి మనిషి. నేను రెండు వేలన్నది నీ మీద జాలితో కాదు. నువ్వు ఆర్నెల్లు పని చేసుకుంటూ, నిద్రపోతూ, నిలబడగలిగే అంకె అది. వెయ్యి మీద పది రోజులు నిలబడ్డావు. పదకొండో రోజు పడ్డావు. ఇంకా చెప్పాలా?"

"వద్దమ్మా," అన్నాడు బదవీ. "మూడు రొట్టెలు రాసుకుంటాను."

రాసుకున్నాడు. పొద్దున్నే కరీమాన్ మూడు రొట్టెలు లెక్కపెట్టి గుడ్డలో కట్టి ఇచ్చేది. ఇచ్చేటప్పుడు లోలోపల బిస్మిల్లా అనుకునేది, లెక్కపెట్టిన పాపం తగలకూడదని. అతను దుకాణంలో వాటిని చిన్న చిన్న చెవులుగా తుంచుకుని, ఒక్కో చెవిలో వీలైనంత ఫూల్ ఎత్తుకునేవాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చే ఆకలి ఉంది చూశారూ, దాని సంగతి ఏం చెప్పను! ఇస్త్రీ ఆవిరిలో కూడా వేయించిన ఉల్లిపాయ వాసన తగిలేది. తిడితే పోదు, నీళ్లు తాగితే పోదు. రోజూ అదే వేళకి వచ్చి కూర్చునేది. బదవీ దానితో కొట్లాడటం మానేశాడు. వచ్చిందా, రా, కూర్చో అని ఇంకో చొక్కా అందుకునేవాడు.

రొట్టె మొదలవగానే పస్తులతో దిగినవి వెనక్కి ఎక్కాయి, తరవాత అంకె కదిలింది. నూట ఒకటి. వంద. తొంభై ఎనిమిదిన్నర. ఎండాకాలం నడినెత్తికొచ్చింది, వెళ్లింది. తొంభై ఆరు దగ్గర మళ్లీ ఆగిపోయింది. నాలుగు శనివారాలు వరసగా తొంభై ఆరే.

ఇనాస్ నోటుబుక్కు తిరగేసి ఒక పేజీ మీద వేలు పెట్టింది. "ఆదివారం నుంచి గురువారం దాకా బంగారంలా ఉంది. ఈ శుక్ర, శనివారాలన్నీ ఖాళీగా ఉన్నాయేం?"

"శుక్రవారం అక్క దగ్గర తింటాను. శనివారానికి డబ్బా కట్టిస్తుంది."

"తింటే రాయకూడదా?"

"అక్క పెట్టిందాన్ని లెక్కరాయడానికి చెయ్యి రాదమ్మా."

ఇనాస్ పెన్ను మూత పెట్టి అతని వైపు చూసింది, అంతే. ఆ చూపుతోనే బదవీ ఇంటికొచ్చాడు.

మరుసటి శుక్రవారం ఇన్సాఫ్ ఇంట్లో పళ్లెం ఈ నెల్లాళ్లుగా ఉంటున్నట్టే, మునుపటికి రెండింతలు నిండుగా ఉంది. బియ్యం కూరిన క్యాబేజీ చుట్టలు గుట్టగా, నేతిలో వేగిన బాతు, ములూఖియా, పక్కన రొట్టెల బుట్ట. తిన్నంత తిన్నాక ఇంటికి పట్టుకెళ్లడానికి డబ్బా వేరే. శనివారం పనికొస్తుందని. ఆవిడ ఎదురుగా కూర్చుని ఐసుముక్క చప్పరిస్తోంది. మొహం వాచి ఉంది.

"తినరా. ఈ చుట్ట నా ప్రాణం మీద ఒట్టు, వదలకూడదు."

"అక్కా, ఇంత వద్దు. ఒకటి పెట్టు చాలు."

"నేనెలాగూ తినలేను. నువ్వు తింటుంటే చూస్తాను. ఆ మాత్రం కూడా లేకుండా చేస్తావా?"

ఇదీ ఆవిడ ఆయుధం. ప్రతి శుక్రవారం ఇక్కడే అతను ఓడిపోయేవాడు. ఈసారి రొట్టె చేత్తో పట్టుకునే అన్నాడు, "అక్కా, ఇలా పెడితే నేను తొంభై రెండుకి ఎప్పటికీ రాను."

"రాకు."

బదవీకి సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "ఏంటీ?"

"రాకు అంటున్నా. చెవుడొచ్చిందా? నేను కావాలనే పెడుతున్నాను." ఇన్సాఫ్ ఐసుముక్క గిన్నెలో ఉమ్మింది. "నీకు ముగ్గురు పిల్లలు. నీకేమన్నా అయితే కరీమాన్ నా మొహాన ఉమ్మదా? ఎముకల గూడులాంటి వాణ్ని ముద్ద ముద్ద పెట్టి ఇంతవాణ్ని చేశాను. ఇప్పుడు నిన్ను కోయించి నా ముక్క నేను పట్టుకెళ్లాలా? కసాయిదాన్నా నేను?"

"మరి ఆ మాట ఫిబ్రవరిలో, మొదటి తూకం నాడే చెప్పొచ్చుగా!" బదవీ రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "ఏడు నెలలక్కా! పిల్లల పళ్లాల వంక దొంగలా చూశాను. చెయ్యి కాల్చుకున్నాను. రోజూ నాలుగింటికి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే చొక్కాలు మడతలు పెట్టాను. నువ్వు ఇక్కడ కూర్చుని అదంతా మళ్లీ ఎక్కిస్తున్నావా?"

"అరవకు. పక్కవాళ్లు వింటారు. తిను, చల్లారిపోతుంది."

ఏం చేస్తాడు! అక్క పెట్టిన పళ్లెం తోసి లేవడం అతనికి పుట్టి బుద్ధెరిగి తెలీదు. కళ్లనీళ్లు కారుతుంటే, కోపంతో, చుట్ట తరవాత చుట్ట తిన్నాడు. ఆవిడ చూస్తూ కూర్చుంది. డబ్బా మాత్రం పట్టుకెళ్లలేదు. అతనికి చేతనైన తిరుగుబాటు అదొక్కటే.

ఆ తరవాత రెండు శుక్రవారాలు పని ఎక్కువగా ఉందని చెప్పి వెళ్లలేదు. అబద్ధమే. ఆవిడా నమ్మలేదు, అడగనూ లేదు. శనివారాలు తూగుతున్నాడు, మూడు రొట్టెలు రాసుకుంటున్నాడు. కావాలన్నవాళ్లకి ఇవ్వొచ్చు, వద్దన్న మనిషికి ఎలా ఇవ్వడం? ఎవరి కోసం ఈ ఆకలి అని సాయంత్రం నాలుగింటికి తనని తనే అడిగేవాడు. అయినా నాలుగో రొట్టె జోలికి పోలేదు. నీరసంగా, పట్టుదల కూడా లేకుండా, అలవాటైన దారిలో గాడిద నడిచినట్టు నడిచాడు.

మూడో గురువారం ఫోను మోగింది. "రేపు రా," అంది ఇన్సాఫ్. అంతే, పెట్టేసింది.

వెళ్లాడు. మెట్ల మీద బాతు వాసన లేదు. తలుపు తీసిన మనిషి మూడు వారాల్లో మూడేళ్లు పెద్దదైపోయినట్టుంది. పళ్లెంలో ఒక గిన్నె పప్పు పులుసు, దోసకాయ ముక్కలు, ఒకే ఒక్క రొట్టె. బదవీ పళ్లెం వంక చూశాడు, అక్క వంక చూశాడు. ఒంట్లో బాగాలేక వండలేకపోయిందనుకుని, మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. రొట్టె అయిపోయింది. పులుసు ఇంకా సగం ఉంది.

"అక్కా, ఇంకో రొట్టె ఉందా?"

"ఉంది. నీకు లేదు."

బదవీ తలెత్తాడు.

"నా పక్క కుర్చీలో సమీహా ఉండేది కదా, కఫ్ర్ పల్లె నుంచి వచ్చే ఆవిడ. మిషను మీద ఉన్నంతసేపూ కోడళ్లని తిట్టి నన్ను నవ్వించేది," అంది ఇన్సాఫ్. చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ చెప్పింది. "సోమవారం రాలేదు. ఆలస్యమైందేమో అనుకున్నాను. నర్సు వచ్చి కుర్చీ మీద దుప్పటి మార్చి, ఇంకొకావిణ్ని కూర్చోబెట్టింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. నాలుగు గంటలు ఆ కొత్తావిడ పక్కన పడుకున్నాను బదవీ. నాకు భయమేసింది. కసాయిదాన్ననుకో, ఏమన్నా అనుకో. నాకు బతకాలని ఉందిరా."

బదవీ ఆవిడ నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. తిన్నావా, చలేస్తోందా, పిల్లలెలా ఉన్నారు, ఇవే ఆవిడ మాటలు. నాకు కావాలి అన్న మాట ఆవిడ దగ్గర ఉంటుందనే అతనికి తెలీదు.

"ఎంత ఉన్నావిప్పుడు?" అనడిగింది.

"తొంభై నాలుగున్నర."

"ఇంకా రెండున్నర." ఆవిడ గిన్నెలో మిగిలిన పులుసు వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. పెట్టాలని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆ చేత్తోనే గిన్నె తన వైపు లాక్కుంది. "చాల్లే. లే ఇంక."

బదవీ లేచాడు. కడుపు సగం ఖాళీగానే ఉంది. అక్క పెట్టిన అన్నం ముందు నుంచి ఆకలితో లేవడం అతనికి జీవితంలో ఇదే మొదటిసారి. చెయ్యి కడుక్కుంటూ కుళాయి తిప్పి ఏడ్చాడు, నీళ్ల చప్పుడులో ఆవిడకి వినపడకూడదని.